మూడో గేరు నిలవని జిప్సీ: బాక్సు మార్చాలా, బాగు చేయాలా?

బండి 2001 నాటి మారుతీ జిప్సీ కింగ్. 1298 సీసీ ఎంపీఎఫ్ఐ పెట్రోలు ఇంజను, ఐదు గేర్ల మాన్యువల్ బాక్సు. యజమానిది హిందూపురం. ఉద్యోగం, కాపురం బెంగళూరు రామమూర్తినగర్‌లో. మదనపల్లె వైపు మామిడి తోట ఉంది. వారాంతాల్లో తోటకు, అప్పుడప్పుడు మిత్రులతో కొండదారులకు ఈ బండిలోనే వెళ్తారు. కె.ఆర్.పురంలోని మా షెడ్డుకు వచ్చేటప్పటికే ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశారు. "అన్నా, గేర్‌బాక్సు పోయింది. శివాజీనగర్‌లో పాతది ఒకటి చూసి పెట్టాను. ఇది దింపేసి అది ఎక్కించేయండి" అన్నారు.

ఫిర్యాదులు మూడు. రెండో గేరు వేసేటప్పుడు, ముఖ్యంగా మూడు నుంచి రెండుకు దించేటప్పుడు, గరగరమని శబ్దం. బండి నడుస్తున్నంతసేపూ కింద నుంచి సన్నని కూత. దిగుడులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే మూడో గేరు దానంతట అదే ఊడి న్యూట్రల్‌లోకి రావడం. మొదటి రెండూ చికాకు పెట్టేవి. మూడోది ప్రాణాల మీదకు తెచ్చేది. ఘాట్ రోడ్డులో ఇంజను పట్టును నమ్ముకుని దిగుతున్నప్పుడు గేరు ఊడితే బండి ఒక్కసారిగా జోరందుకుంటుంది. మలుపులో ఉండగా చేయి స్టీరింగును వదిలి గేరు రాడ్డు మీదకు పోతుంది. కొన్నాళ్లుగా ఎడమ చేత్తో రాడ్డును వెనక్కి రాకుండా నొక్కి పట్టుకునే దిగుతున్నానని ఆయన చెప్పారు. అది ఇంకా చేటు. చేత్తో వేసే ఆ ఒత్తిడి అంతా లోపల గిర్రున తిరుగుతున్న స్లీవు (గేరును షాఫ్టుకు కలిపే వలయం) మీద, దాన్ని జరిపే ఫోర్కును రాపాడిస్తుంది. అరుగుదల రోజురోజుకీ పెరుగుతుంది.

బాక్సు చెడిందని తేలినంత మాత్రాన ఇంకో బాక్సు ఎక్కించడం నా పద్ధతి కాదు. ఎందుకు చెడిందో ముందు తేలాలి. జిప్సీలో గేర్‌బాక్సుకు వచ్చే జబ్బు చాలాసార్లు గేర్‌బాక్సు బయట మొదలవుతుంది. ఆ మూలం అలాగే ఉండగా ఎంత మంచి బాక్సు పెట్టినా దానికీ అదే గతి. పైగా 2019 నుంచి కొత్త జిప్సీ మామూలు కొనుగోలుదారుకు దొరకడం లేదు. రోడ్డు మీద ఉన్న ప్రతి మంచి బాక్సూ ఇక కాపాడుకోవలసిన వస్తువే.

శబ్దం ఎక్కడిది?

ఈ బండి అమరిక తెలిస్తే గాని శబ్దం అర్థం కాదు. పాత మహీంద్రా జీపుల్లో ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంపే పెట్టె) నేరుగా గేర్‌బాక్సు వెనక బిగించి ఉంటుంది. జిప్సీలో అలా కాదు. గేర్‌బాక్సు ఇంజనుతో ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ కేసు విడిగా మూడు రబ్బరు మౌంటింగుల మీద ఫ్రేములో కూర్చుంటుంది. రెండింటినీ ఒక పొట్టి షాఫ్టు కలుపుతుంది. పైగా జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసులో నేరు దారి లేదు. మామూలు నడకకు వాడే హై రేంజిలో కూడా శక్తి 1.409 నిష్పత్తిలో పళ్ల గుండానే వెళ్లాలి. అందుకే ప్రతి జిప్సీకీ కొంత కూత సహజం. అది విని గేర్‌బాక్సు పోయిందనుకునేవారు ఎందరో. నిజంగా గేర్‌బాక్సు పోతే, జిప్సీ అంటే ఇంతేలే అని వదిలేసేవారూ అంతే మంది ఉన్నారు.

ముందు బండి నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా న్యూట్రల్‌లో విన్నాను. లోగొంతుకతో గుర్రుమన్న శబ్దం ఉంది. క్లచ్ తొక్కి పట్టగానే సన్నగిల్లి ఆగిపోయింది. క్లచ్ తొక్కినప్పుడు శబ్దం పుడితే రిలీజ్ బేరింగును అనుమానించాలి. తొక్కినప్పుడు ఆగిపోతే, క్లచ్ నుంచి బాక్సులోకి శక్తి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్టుతో పాటు తిరిగే భాగాల్లో, అంటే ఇన్‌పుట్ బేరింగులో గాని, ఆ శక్తిని అందుకుని గేర్లకు అందించే కౌంటర్ షాఫ్టు బేరింగుల్లో గాని తేడా ఉన్నట్టు.

తరువాత రివర్స్ పరీక్ష. ఇది పైసా ఖర్చు లేని పరీక్ష. బండి కదలకుండా నిలబడి ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయాలి. రివర్స్‌కు సింక్రోనైజర్, అంటే గేరు పడేముందు వేగాలను కలిపే ఇత్తడి రింగు, ఉండదు. కాబట్టి క్లచ్ పూర్తిగా విడిపోకుండా కొంచెం అంటుకున్నా పళ్లు కొరుకుతాయి. అలా కొరికితే గేర్‌బాక్సు జోలికి వెళ్లకముందే క్లచ్ కేబుల్, పెడల్ ఆట, ప్రెషర్ ప్లేటు చూసుకోవాలి. జిప్సీకి కేబుల్ క్లచ్. కేబుల్ సాగితే ఆ శిక్ష సింక్రో రింగులు అనుభవిస్తాయి. ఈ బండిలో రివర్స్ చప్పుడు లేకుండా పడింది. అంటే క్లచ్ బాగానే విడుతోంది, రెండో గేరు గరగరకు కారణం బాక్సు లోపలే ఉంది.

ఇక పాత మద్రాసు రోడ్డు మీద హోస్కోటె వైపు తీసుకెళ్లాను. ఒకటి, రెండు, మూడు గేర్లలో కూత స్పష్టంగా ఉంది. నాలుగులో దాదాపు మాయం. అయిదులో మళ్లీ వచ్చింది. ఈ ఒక్క తేడాలో సగం నిర్ధారణ ఉంది. జిప్సీలో నాలుగో గేరు 1.000, అంటే నేరు గేరు. ఇన్‌పుట్ షాఫ్టు, వెనక్కి శక్తి పంపే మెయిన్ షాఫ్టు ఒకటిగా బిగుసుకుని తిరుగుతాయి. కౌంటర్ షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది గాని దాని మీద భారం ఉండదు. మిగతా గేర్లన్నింటిలో శక్తి కౌంటర్ షాఫ్టు గుండానే పోవాలి. నాలుగులో నెమ్మదించి మిగతావాటిలో అరిచే శబ్దం కౌంటర్ షాఫ్టుది. తప్పు ట్రాన్స్‌ఫర్ కేసుదే అయితే నాలుగో గేరులోనూ అంతే గట్టిగా వినిపించేది.

కింద పడుకుని చూస్తే

గేర్‌బాక్సు వెనక భాగమంతా నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన పొర. వెనక ఆయిల్ సీలు దగ్గర తడి. ఈ యజమాని బిల్లులన్నీ దాచుకునే మనిషి కావడం నాకు చాలా కలిసి వచ్చింది. ఆ సీలు ఇదివరకే రెండుసార్లు మార్చినట్టు వేర్వేరు గ్యారేజీల బిల్లుల్లో ఉంది. రెండుసార్లు మార్చిన సీలు మూడోసారి కారుతోందంటే తప్పు సీలుది కాదు. దాన్ని పాడు చేస్తున్నది వేరే ఏదో ఉంది.

చక్రాలకు దిమ్మలు పెట్టి, ట్రాన్స్‌ఫర్ కేసు కింద ప్రై బారు ఆనించి మెల్లగా ఎత్తాను. ఒక పక్క చేతి వేలు దూరేంత లేచింది. మూడు మౌంటింగుల్లో ఒకదాని రబ్బరు లోహపు పలక నుంచి పూర్తిగా విడిపోయింది. పైకి చూస్తే ఏమీ తెలియదు. దుమ్ము కప్పేసి ఉంది, బోల్టులు బిగువుగానే ఉన్నాయి. రెండో మౌంటింగుకు అంచున బీట. పొట్టి షాఫ్టు కొసన కీలులా వంగే క్రాసును చేత్తో తిప్పితే సన్నగా టిక్కుమంటోంది.

కథ ఇక్కడే మొదలైంది. మౌంటింగు తెగాక, క్లచ్ వదిలిన ప్రతిసారీ ట్రాన్స్‌ఫర్ కేసు మెలి తిరిగింది. దానితో పొట్టి షాఫ్టు వంకర కోణంలో అదురుతూ తిరిగింది. ఆ అదురు గేర్‌బాక్సు వెనక సీలును తినేసింది. నూనె కారింది. నూనె తగ్గాక బేరింగులు ఎండాయి. ఇదివరకు చూసినవాళ్లు సీలు మార్చారు, నూనె పోశారు. మౌంటింగును ఎవరూ కదిపి చూడలేదు.

దీనికి టైర్లు కూడా తోడయ్యాయి. కంపెనీ ఇచ్చేది 205/70 ఆర్15. ఈ బండికి 235/75 ఆర్15 వేయించారు. వ్యాసం 668 మిల్లీమీటర్ల నుంచి 733కి, అంటే దాదాపు 10 శాతం పెరిగింది. చూడ్డానికి బాగుంటుంది, రాళ్ల దారిలో బండి కింది భాగం తగలకుండా ఉపయోగపడుతుంది కూడా. కాని అదే ఎత్తు ఎక్కడానికి గేర్‌బాక్సు నుంచి చక్రం దాకా ప్రతి భాగం మీదా అంతే భారం పెరుగుతుంది. పెద్ద టైర్లు వేయించుకోవద్దని నేను ఎవరికీ చెప్పను. అవి వేశాక మౌంటింగులను ఏడాదికోసారైనా కదిపి చూడాలని మాత్రం గట్టిగా చెబుతాను.

నూనె ఏం చెప్పింది

గేర్‌బాక్సులో 1.3 లీటర్లు ఉండాలి. డ్రెయిన్ ప్లగ్గు విప్పితే ముప్పావు లీటరు కూడా రాలేదు. నిండు నలుపు. ఒక గిన్నెలో పట్టి, తెల్లని పాత పంచె ముక్క మీద కొంచెం ఒలికించి ఎండలో పెట్టాను. నూనె గుడ్డలోకి ఇంకిపోయాక మీద మిగిలినది చూడాలి. సన్నని బంగారు రంగు పొడి గుడ్డంతా మెరిసింది. అది ఇత్తడి, అంటే సింక్రో రింగులది. దానితో పాటు గోటితో ఎత్తగలిగినంత పెద్దవి, పలుచని వెండి పొరలు. గుడ్డ కింద అయస్కాంతం కదిపితే పొరలు కదిలాయి, బంగారు పొడి కదలలేదు. పొరలు బేరింగు ఉక్కువి. ఈ చిన్న పని చేయడానికి పది నిమిషాలు చాలు. బాక్సు విప్పకముందే లోపల ఏం మార్చాలో సగం తెలిసిపోతుంది.

బిల్లుల్లో ఇంకో ఆధారం దొరికింది. కిందటిసారి గేర్‌బాక్సులో పోసినది జీఎల్-5 రకం 90 నంబరు నూనె. అది ఇరుసు మధ్యలో చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌కు సరిపోయేది. అక్కడి హైపాయిడ్ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ నలుగుతాయి కాబట్టి వాటికి ఆ నూనెలో ఎక్కువగా ఉండే గంధకం, భాస్వరం రసాయనాలు కావాలి. గేర్‌బాక్సులో పరిస్థితి వేరు. సింక్రో రింగు పని చేయాలంటే గేరు కోను (గేరు పక్కనుండే శంకువు ఆకారపు భాగం) మీద క్షణకాలం కరుచుకుని దాని వేగాన్ని తగ్గించాలి. ఆ రసాయనాలు రెండు విధాల దెబ్బ తీస్తాయి. కోను మీద జారుడు పొర కట్టి రింగును పట్టనివ్వవు. వేడిలో ఇత్తడిని మెల్లగా తింటాయి. అందుకే గేర్‌బాక్సుకు జీఎల్-4 రకం 75డబ్ల్యూ-90. ఒకే బండిలో రెండు రకాల నూనెలు ఎందుకని చాలామంది ఒకే డబ్బాతో కానిచ్చేస్తారు. జిప్సీలో అది కుదరదు. రెండో గేరు రింగు అరుగుదలకు నూనె ఒక్కటే కారణమని నేను అనను, ఇరవై ఏళ్లు దాటిన బండి అది. కాని గరగర ఎప్పుడు మొదలైందని అడిగితే యజమాని చెప్పిన కాలం, ఆ బిల్లు మీది తేదీ పక్కపక్కనే ఉన్నాయి.

శివాజీనగర్ బాక్సు

ఇంత తెలిశాక కూడా యజమాని మనసు ఆ పాత బాక్సు మీదే ఉంది. అది న్యాయమే. విప్పితే లోపల పళ్లే పోయి ఉంటే బాగు చేయడం దండగ. అందుకని ఆయనతో కలిసి శివాజీనగర్ వెళ్లి ఆ బాక్సు చూశాను. మిలిటరీ వేలంలో వచ్చిన బండిదని అమ్మేవాడు చెప్పాడు.

బయట కిరోసిన్‌తో కడిగి తళతళలాడించారు. లోపల నూనె చుక్క లేదు. నాకు అదే మొదటి అనుమానం. పాత బాక్సు కొనేటప్పుడు దానిలోని పాత నూనెను చూడాలి, అది లేకపోతే బాక్సు చరిత్ర సగం పోయినట్టే. ఇన్‌పుట్ షాఫ్టు కొసను పట్టుకుని పైకీ కిందికీ కదిపితే స్పష్టంగా ఆట ఉంది. తరువాత ఒక్కో గేరు వేసి ఇన్‌పుట్ షాఫ్టును చేత్తో తిప్పి లెక్కపెట్టాను. కింగ్ బాక్సు అయితే ఒకటో గేరులో వెనక ఒక చుట్టు తిరగడానికి ముందు దాదాపు మూడున్నర చుట్ల పైన తిరగాలి, నిష్పత్తి 3.652. నాలుగులో ఒకటికి ఒకటి. అయిదులో ముందు ముప్పావు చుట్టు దాటి ఇంకొంచెం తిరిగేసరికే వెనక ఒక చుట్టు పూర్తవాలి, అది 0.795. లెక్కలు సరిపోయాయి, కాబట్టి బాక్సు కింగ్‌దే. కాని మూడో గేరులో తిప్పుతున్నప్పుడు చుట్టుకోసారి ఒకే చోట చేతికి గుచ్చుకున్నట్టు తగిలింది. పన్ను పెచ్చు ఊడితే గాని, బేరింగు గాడిలో గుంట పడితే గాని అలా తగలదు. అమ్మేవాడు పై మూత విప్పి చూపడానికి ఒప్పుకోలేదు.

"సార్, మీ బాక్సులో జబ్బేమిటో మనకు తెలుసు. దీనిలో జబ్బేమిటో తెలియదు. తెలిసినదాన్నే బాగు చేద్దాం" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. మాది విప్పాక పళ్లు దెబ్బతిని ఉంటే మాత్రం మంచి బాక్సు కోసం మళ్లీ వెతకడమే అని ముందే చెప్పాను. గేర్లు జతలుగా అరుగుతాయి. అరిగిన పన్ను పక్కన కొత్త పన్ను పెడితే శబ్దం పోదు, రెండూ త్వరగా పాడవుతాయి. కౌంటర్ షాఫ్టు పళ్లు పోతే దానితో కలిసే గేర్లన్నీ మార్చాలి. అప్పుడు బాగు చేయడం కంటే మార్చడమే లాభం. కేసు పగిలి ఉన్నా అంతే.

విప్పాక

దింపడం గురించి ఎక్కువ చెప్పను, జిప్సీలో అది పెద్ద కష్టం కాదు. షాఫ్టుల ఫ్లాంజిల మీద పంచితో గుర్తులు పెట్టి విప్పాలి, లేకపోతే మళ్లీ బిగించాక కొత్త అదురు పుడుతుంది. గేర్‌బాక్సు దించేముందు ఇంజను వెనక భాగం కింద ఆధారం పెట్టాలి. బాక్సును ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడనివ్వకూడదు.

లోపలి సంగతి ఇది. గేర్ల పళ్లు అన్నీ బాగున్నాయి. పన్ను ముఖం మీద గుంటలు లేవు, రంగు మారలేదు. నూనె తక్కువైనా పూర్తిగా ఎండిపోలేదు కాబట్టి బతికాయి. కౌంటర్ షాఫ్టు వెనక బేరింగు బయటి వలయంలో ఒక చోట ఉక్కు పొర లేచి, గోరు ఆనిస్తే గరుకు తగిలింది. గుడ్డ మీద కనిపించిన వెండి పొరలు దీనివే. ఇన్‌పుట్ బేరింగు తిప్పితే ఇసుక పోసినట్టు చప్పుడు.

రెండో గేరు సింక్రో రింగును చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టాను. కొత్త రింగు లోపలి అంచున వెంట్రుకంత సన్నని గీతలు చుట్టూ తిరుగుతూ ఉంటాయి, మరలాగా. వాటి కొనలు కోను మీది నూనె పొరను కోసి లోహాన్ని లోహానికి తగిలిస్తాయి. ఈ రింగులో ఆ గీతలు పూర్తిగా చదునైపోయి లోపలి ముఖం అద్దంలా మెరిసింది. కోను మీద పెట్టి నొక్కి మెలి తిప్పితే ఎక్కడా పట్టకుండా జారిపోయింది. ఫీలర్ గేజితో రింగుకు, గేరుకు మధ్య సందు కొలిచాను. కొత్తదాంట్లో మిల్లీమీటరు పైన ఉండాలి, అర మిల్లీమీటరు కంటే తగ్గితే పారేయాలి. ఇక్కడ 0.3 మిల్లీమీటరు గేజి కూడా బిగుతుగా దూరింది. మూడోది పరిమితికి దగ్గరలో ఉంది. ఒకటో గేరు రింగు ఇంకొన్నాళ్లు వచ్చేదే గాని, బాక్సు మొత్తం విప్పాక ఒక్క రింగు కోసం మళ్లీ దింపే పరిస్థితి తేకూడదు. రింగులన్నీ మార్చాలని నిర్ణయించాను.

మూడో గేరు ఊడడానికి ఒకే కారణం లేదు, మూడు కలిశాయి. మూడు-నాలుగు ఫోర్కుకు, స్లీవు గాడికి మధ్య సందు ఒక మిల్లీమీటరు దాటింది. గేరు రాడ్డును నొక్కి పట్టుకుని దిగిన ఫలితం ఇదే. గేరు వేసిన చోట ఫోర్కు షాఫ్టును నిలిపే లాకింగు గుండు వెనక ఉండే స్ప్రింగు పొట్టిదైపోయింది. కొత్తదాని పక్కన నిలబెడితే తేడా కంటికే తెలిసింది. వీటికి తోడు పాడైన బేరింగు వల్ల కౌంటర్ షాఫ్టు ముందుకూ వెనక్కూ జరుగుతోంది. గేరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి కదా, ఇంజను బండిని లాగుతున్నప్పుడు అవి గేరును ఒక వైపు నెడతాయి. కాలు తీసినప్పుడు బండి ఇంజనును లాగుతుంది, నెట్టుడు అటుది ఇటు మారుతుంది. ఆ క్షణంలో జరిగే చోటు ఎక్కువై, పట్టి ఉంచే స్ప్రింగు బలహీనమై, ఫోర్కు వదులై ఉంటే స్లీవు జారి బయటికి వస్తుంది. అందుకే ఊడడం ఎప్పుడూ దిగుడులోనే. అదే స్లీవు మీద నడిచే నాలుగో గేరు ఊడకపోవడానికి కారణం దానిలో కౌంటర్ షాఫ్టు మీద భారం లేకపోవడమే.

స్లీవు లోపలి పళ్ల కొనలను భూతద్దంతో చూశాం. మూడు వైపు కొనలు గుండ్రబడ్డాయి. స్లీవు, అది కూర్చునే హబ్బు జతగా మార్చక తప్పలేదు. రెండో గేరు పక్కనుండే చిన్న పళ్ల కొనలు మాత్రం ఇంకా పదునుగానే ఉన్నాయి. ఇంకో ఏడాది అలాగే గరగరమంటూ తిప్పి ఉంటే అవీ పోయేవి, గేరు కూడా మార్చవలసి వచ్చేది.

సరుకు, బిగింపు

బేరింగులు, రింగులు, సీళ్లు, హబ్బు సెట్టు, స్ప్రింగులు జె.సి.రోడ్డులో, కంపెనీ విడిభాగాల కౌంటర్లో కలిపి దొరికాయి. పాత బేరింగుల మీద చెక్కిన నంబర్లు రాసుకుని వెళ్లి, అవే నంబర్లు చూసి తెచ్చాను. చవకగా వస్తున్నాయని పేరులేని బేరింగులు గేర్‌బాక్సులో పెట్టడం నాకు సమ్మతం కాదు. బేరింగు ధర తక్కువ, బాక్సు దింపి ఎక్కించే కూలి ఎక్కువ. ఫోర్కు కొత్తది దొరకలేదు. దాన్ని శివాజీనగర్‌లోనే విడి ముక్కగా, మా స్లీవు గాడిలో పెట్టి గేజితో కొలిచి మరీ కొన్నాను. కంటికి ఎదురుగా కొలవగలిగిన వస్తువుకు ఆ వీధిని మించిన చోటు బెంగళూరులో లేదు.

వెనక సీలు పెదవి ఆనే ఉపరితలం మీద గాడి పడింది. ఆ గాడి ఉన్నంతకాలం ఎన్ని సీళ్లు మార్చినా కారుతూనే ఉంటుంది. మహదేవపుర పారిశ్రామిక వాడలో మాకు పాతికేళ్ల అనుభవమున్న లేతు మేస్త్రి ఉన్నారు. ఆయన చేత దాన్ని శుభ్రం చేయించి, పలుచని స్టీలు తొడుగు వేయించాను. పొట్టి షాఫ్టుకు కొత్త క్రాసులు. ట్రాన్స్‌ఫర్ కేసుకు మూడు మౌంటింగులూ కొత్తవి. ఒక్కటే తెగింది కదా, ఒక్కటే మారుద్దామని యజమాని అన్నారు. మిగతా రెండూ అదే వయసువి. మెత్తబడిన రెండింటి మధ్య కొత్త గట్టి రబ్బరు ఒకటి పెడితే భారమంతా దాని మీదే పడుతుంది. ఈ విషయంలో నేను పట్టుబట్టాను.

బేరింగులను సుత్తితో కొట్టి ఎక్కించే అలవాటు మా షెడ్డులో లేదు. నూనెలో కాచి, లోపలి వలయం వ్యాకోచించాక షాఫ్టు మీదకు జార్చాం. ఒత్తవలసి వస్తే లోపలి వలయం మీదే ఒత్తాలి. బయటి వలయం మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీద పడి గాడిలో మచ్చలు పడతాయి, కొత్త బేరింగు మొదటి రోజే కూత మొదలుపెడుతుంది. సింక్రో రింగులను బిగించేముందు గేరు నూనెలో నానబెట్టాం. ఒక్కో రింగు బిగించాక ఫీలర్ గేజితో మళ్లీ సందు చూశాం. కేసు మూసేముందు అన్ని గేర్లూ వేసి చేత్తో తిప్పి చూడడం తప్పనిసరి.

బాక్సు దింపి ఉంది కాబట్టి ఫ్లైవీలు మధ్యలోని పైలట్ బేరింగు, రిలీజ్ బేరింగు, క్లచ్ ప్లేటు కూడా మార్చాం. ప్లేటులో ఇంకా కొంత మందం ఉంది గాని, దానికోసం మళ్లీ ఇంత పని చేయించడం యజమానికి నష్టం. బండిని సమతలంలో నిలబెట్టి, పోసే రంధ్రం నుంచి పొర్లేదాకా జీఎల్-4 నూనె నింపాం. ట్రాన్స్‌ఫర్ కేసులో కూడా పాతది తీసి 0.8 లీటరు కొత్తది పోశాం. నూనె రకం, తేదీ, కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసి బానెట్ లోపలి వైపు అంటించాను. ముందుకు ఈ బండి ఎవరి చేతికి వెళ్లినా జీఎల్-5 పోయకూడదని.

నందిగిరి దిగుడు

మొదట హోస్కోటె రోడ్డు మీద విన్నాం. ఒకటి నుంచి మూడు దాకా కూత పోయింది. నాలుగులో, అయిదులో సన్నగా ఒకే స్థాయిలో వినిపించేది ట్రాన్స్‌ఫర్ కేసుది. అది మిగులుతుందని ముందే చెప్పాను కాబట్టి ఆయన ఆశ్చర్యపోలేదు.

అసలు పరీక్ష నందిగిరి. బెంగళూరుకు 60 కిలోమీటర్ల దూరం, కొండ ఎత్తు 1478 మీటర్లు, వంపులు తిరిగే దారి. మూడో గేరు ఊడేది దిగుడులో కాబట్టి దాన్ని దిగుడులోనే చూడాలి. దిగేటప్పుడు స్టీరింగు యజమానికి ఇచ్చి నేను పక్కన కూర్చున్నాను. మూడులో పెట్టి కాలు తీసి, కొంచెం తొక్కి, మళ్లీ తీసి... అలా కింద దాకా. రాడ్డు కదలలేదు. మొదటి రెండు మలుపుల్లో ఆయన ఎడమ చేయి అలవాటుగా రాడ్డు మీదకే పోయింది. "చేయి తీయండి సార్, అదే నిలబడుతుంది" అన్నాను. మూడో మలుపు నుంచి రెండు చేతులూ స్టీరింగు మీదే. వంపుల దగ్గర మూడు నుంచి రెండుకు దించితే గరగర లేదు. కొత్త రింగులు కాబట్టి కొంచెం బిగువు మాత్రం ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఒక సంగతి మాట్లాడుకున్నాం. తోటకు వెళ్లే మట్టి ఎక్కుడును ఆయన ఎప్పుడూ హై రేంజిలోనే, ఒకటో గేరులో క్లచ్ నలుపుతూ ఎక్కిస్తారట. లో రేంజి బండి ఇరుక్కున్నప్పుడు వాడేదని ఆయన అభిప్రాయం. చాలామందిదీ అదే. కాని ట్రాన్స్‌ఫర్ కేసు ఉన్నది గేర్‌బాక్సు తరువాత. లో రేంజిలో 2.268 రెట్లు, హై రేంజిలో 1.409 రెట్లు. చక్రం దగ్గర అంతే బలం కావాలంటే లో రేంజిలో గేర్‌బాక్సు మీద పడే భారం హై రేంజిలో పడేదానిలో దాదాపు 62 శాతమే. పెద్ద టైర్ల వల్ల పెరిగిన పది శాతాన్ని తీసేసి ఇంకా మిగులుతుంది. మట్టి, ఇసుక, రాళ్లు ఉన్న చోట, చక్రం కొంచెం జారడానికి వీలున్న నేల మీద లో రేంజి వాడితే బాక్సూ క్లచ్చూ రెండూ బతుకుతాయి. తారు రోడ్డు మీద మాత్రం వద్దు. జిప్సీలో లో రేంజి వేస్తే నాలుగు చక్రాల నడక కూడా వస్తుంది. గట్టి నేల మీద మలుపు తిప్పితే ముందు వెనక చక్రాల మధ్య లాగులాట పుట్టి షాఫ్టుల మీద, ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది.

మొత్తం ఖర్చు, కూలితో సహా, శివాజీనగర్‌లో ఆ బాక్సుకు చెప్పిన ధరకు దాదాపు సమానంగా వచ్చింది. ఆ ధరలో ఎక్కించే కూలి లేదు, మౌంటింగులు లేవు, క్లచ్ లేదు.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక నూనె మళ్లీ తీయించాను. కొత్త రింగులు కోను మీద సర్దుకునేటప్పుడు కొంత పొడి రాలడం సహజం. అది లోపల తిరగకుండా మొదటిసారి త్వరగా మార్చేయడం మంచిది. గుడ్డ మీద సన్నని బంగారు పొడి కొద్దిగా కనిపించింది, వెండి పొరలు లేవు. డ్రెయిన్ ప్లగ్గు కొన మీద బూడిద రంగు పేస్టు పలుచగా ఉంది. పాత నూనె పూర్తిగా 1.3 లీటర్లూ వచ్చింది, వెనక సీలు పొడిగా ఉంది. ప్రై బారుతో ట్రాన్స్‌ఫర్ కేసును ఎత్తి చూశాం, రబ్బరు సాగినంత మేరకే కదిలి మళ్లీ కూర్చుంది. ట్రాన్స్‌ఫర్ కేసు కూత అలాగే ఉంది. దాని బేరింగుల సంగతి మామిడి కాపు అయ్యాక చూద్దామని యజమాని అన్నారు, అందాకా ఆగవచ్చని నేనూ ఒప్పుకున్నాను.